నవోదయలో కంప్యూటర్ సైన్స్: తొమ్మిది నుంచి పన్నెండు దాకా నా అనుభవం

నేను జవహర్ నవోదయ విద్యాలయంలో, అంటే సీబీఎస్‌ఈ సిలబస్ ఉండే కేంద్ర ప్రభుత్వ హాస్టల్ స్కూల్లో చదివాను. ఐదో తరగతిలో ఉండగా ఎంట్రన్స్ రాసి, ఆరులో చేరి, పన్నెండు పూర్తయ్యాకే బయటికొచ్చాను. అందులో చివరి నాలుగేళ్లు కంప్యూటర్‌ని ఒక సబ్జెక్టుగా చదివాను. తొమ్మిది, పది తరగతుల్లో ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ, పదకొండు, పన్నెండులో కంప్యూటర్ సైన్స్. మన దగ్గర పది అవ్వగానే ఎక్కువమంది ఇంటర్ ఎంపీసీకి వెళ్లిపోతారు, అందులో ఈ సబ్జెక్టే ఉండదు. అందుకే స్కూల్లో కంప్యూటర్ అంటే ఏం చెప్తారో, ల్యాబ్‌లో ఏం చేయిస్తారో, పరీక్ష ఎలా ఉంటుందో మన ఇళ్లలో చాలామందికి తెలియదు. వారానికో పీరియడ్ పెయింట్‌లో బొమ్మలు వేయిస్తారని అనుకుంటారు. నాకు తెలిసింది వేరు కాబట్టి మొత్తం చెప్తాను.

మాది ఖమ్మం జిల్లాలో మిర్చి, పత్తి వేసే పల్లె. ఇంట్లో కంప్యూటర్ లేదు. నవోదయ హాస్టల్లో పిల్లల దగ్గర ఫోన్ ఉండనివ్వరు. అంటే నాకు కంప్యూటర్ ఉన్నది ల్యాబ్‌లోనే, అదీ మా సెక్షన్‌కి పీరియడ్ ఉన్నప్పుడే. నవోదయల్లో కంప్యూటర్ టీచర్‌ని ఎఫ్‌సీఎస్‌ఏ అంటారు, ఫ్యాకల్టీ కమ్ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్. పేరుకు తగ్గట్టే పాఠం చెప్పేదీ మేడమే, సిస్టమ్ ఆన్ కాకపోతే విప్పేదీ మేడమే. బీప్ బీప్ అని మొరాయించే సీపీయూని పక్కకు తిప్పి, మూత తీసి, ర్యామ్ ముక్కను బయటికి లాగి, దాని బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్లీ బిగించేవారు. చాలాసార్లు అంతటితో లేచేది. లోపల ఏ భాగం ఎక్కడుంటుందో మాకు పుస్తకంలో బొమ్మ చూడకముందే తెలుసు.

తొమ్మిదిలో తీసుకున్న ఐటీ, కోడ్ నంబర్ 402, స్కిల్ సబ్జెక్టు కింద వస్తుంది. థియరీకి 50, ప్రాక్టికల్‌కి 50. దీన్ని ఆరో సబ్జెక్టుగా తీసుకుంటే ఒక వెసులుబాటు ఉంది. పదిలో లెక్కలో, సైన్సో, సోషలో ఒకటి తప్పినా, ఐటీ పాసైతే దాని స్థానంలో ఇది లెక్కలోకి వస్తుంది. చాలామంది ఆ ధైర్యం కోసమే తీసుకుంటారు. మేడమ్‌కి ఆ మాట నచ్చేది కాదు. "స్టెప్నీ టైరు అనుకుని తీసుకుంటే స్టెప్నీలాగే డిక్కీలో పడుంటుంది" అనేవారు.

మొదట టైపింగ్. ఎఫ్, జె కీల మీద చిన్న గీత పైకి తేలి ఉంటుంది, చూపుడు వేళ్లు అక్కడ పెట్టి స్క్రీన్ వైపే చూస్తూ కొట్టాలి. కీబోర్డు వైపు చూస్తే మేడమ్ మా చేతుల మీద చున్నీ కప్పేవారు. ఇంగ్లిష్ కుదిరాక నేను తెలుగు ఇన్‌స్క్రిప్ట్ మొదలుపెట్టాను. భారతీయ భాషల్లో చాలావాటికి ఒకే కీబోర్డు అమరిక అది. హల్లులు చాలావరకు కుడి చేతి వైపు, గుణింతాల గుర్తులు ఎడమ వైపు. 'తెలుగు' అని కొట్టాలంటే త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని ఆరు కీలు నొక్కాలి. ఒత్తు కావాలంటే మధ్యలో పొల్లు కీ. రెండో తరగతిలో అమ్మ పలక మీద నేర్పిన గుణింతం ఎలా ఉంటుందో కీబోర్డులోనూ అలాగే ఉంది. హల్లు ముందు, గుర్తు తర్వాత. ఈ ఆరు కీల సంగతి ముందు ముందు చాలా పెద్ద విషయమైంది, అక్కడికి వస్తాను.

ఐటీ సిలబస్‌లో డాక్యుమెంట్లు, స్ప్రెడ్‌షీట్, డేటాబేస్, ఇంటర్నెట్ భద్రత లాంటివి ఉంటాయి. ఎంఎస్ ఆఫీస్ లాంటిదే అయిన లిబ్రేఆఫీస్‌లో చేయించేవారు, అది ఉచితం కాబట్టి. స్టైల్స్, విషయసూచిక, మెయిల్ మెర్జ్, గోల్ సీక్ అని పాఠాలు. పరీక్ష కోసం చదివితే ఇవన్నీ ఏ మెనూలో ఏముందో బట్టీ పట్టే వ్యవహారం. మాకు అలా కాకుండా పోవడానికి కారణం స్కూల్ పత్రిక.

నవోదయలో పిల్లలందరూ నాలుగు హౌస్‌లు: ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి. మాది నీలగిరి. హౌస్‌కో గోడపత్రిక ఉంటుంది, ఏడాదికోసారి స్కూల్ మొత్తానికి అచ్చు పత్రిక వస్తుంది. ఆ ఏడాది తెలుగు పేజీలు మేమే కంప్యూటర్‌లో చేస్తామని తెలుగు సార్‌ని అడిగాం. సార్ సంబరపడి, పాత సంచికల సీడీలు బీరువాలోంచి తీసిచ్చారు. తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు కలగాపులగంగా పేజీల నిండా ఉన్నాయి. ఫైళ్లు పాడైపోయాయని సార్ దిగులుపడ్డారు.

ఫైళ్లు పాడవలేదు. అవి టౌన్‌లో డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో, పేజ్‌మేకర్ అనే పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్‌లో చేసినవి. మన పెళ్లిపత్రికలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు ఎన్నో ఏళ్లు అలా తయారైనవే. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరానికి సొంత నంబర్ ఉండదు. ఇంగ్లిష్ అక్షరాల నంబర్ల మీదే తెలుగు ఆకారాలు ఎక్కించి పెడతారు. ఆ ఫాంట్ ఉన్న సిస్టమ్‌లో తెలుగులా కనిపిస్తుంది, లేని చోట ఇలా తేలుతుంది. అన్ని భాషల అక్షరాలకూ విడివిడిగా నంబర్లు ఇచ్చే యూనికోడ్‌లో అయితే క-కి, గుడికి, కొమ్ముకి, పొల్లుకి దేని నంబర్ దానిది. ఫాంట్ మారినా, ఫోన్ మారినా అక్షరం అక్షరంగానే ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. మేడమ్ ఇది బోర్డు మీద వివరించిన రోజు నేను నిజంగా కదిలిపోయాను. మాకంటే ముందు చదివిన అక్కలు, అన్నలు రాసిన కవితలు ఉన్నాయి వాటిలో. వాళ్ల మాటలు పోలేదు, అయినా ఎవరూ చదవలేకపోతున్నారు.

అచ్చు కాపీలు లైబ్రరీలో ఉన్నాయి. వాటిని చూసి మేం కొంతమందిమి ఆదివారాలు ల్యాబ్ తెరిపించుకుని, ఎంచుకున్న కవితలన్నీ యూనికోడ్‌లో మళ్లీ కొట్టాం. పాత కవితలకు విడిగా ఒక భాగం పెట్టాం. లోపలి మామూలు అక్షరాలకు మండలి ఫాంట్, శీర్షికలకు లావుగా ఉండే రామభద్ర. రెండూ ఉచితంగా దొరుకుతాయి. అప్పుడు తెలిసింది స్టైల్స్ పాఠం దేనికో. శీర్షికలన్నిటికీ ఒకే స్టైల్ పెట్టి ఉంటే, సార్ వచ్చి "అక్షరం ఇంకొంచెం పెద్దది చేయండమ్మా" అన్నప్పుడు ఒక్క చోట మారిస్తే పుస్తకం మొత్తం మారిపోతుంది. విషయసూచికలో పేజీ నంబర్లు వాటంతటవే సర్దుకుంటాయి. పరీక్షలో ఇది రెండు మార్కుల ప్రశ్న. పత్రిక చేసేవాళ్లకు రెండు రాత్రుల పని తప్పుతుంది.

పదో తరగతిలో ఆడియో పత్రిక కూడా ఒకటి చేశాం. ఉదయం అసెంబ్లీలో వినిపించేలా చిన్న చిన్న ముక్కలు. సిలబస్‌లో లేదు, మేడమ్ ఒప్పుకున్నారు కాబట్టి చేశాం. మెస్‌లో వంట చేసే అక్కను మాట్లాడించాం. ఐదొందల మందికి ఉప్మా చేసేటప్పుడు ఉప్పు ఎలా కొలుస్తారని అడిగితే, ఆవిడ డేగిశా అంచు మీద గరిటెతో కొట్టి ఆ చప్పుడుకీ నీళ్ల మట్టానికీ లెక్క చెప్పారు. వినడానికి చాలా బాగుంది, కానీ వెనకాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ హోరు. రికార్డింగులు సరిచేసే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో దానికి ఒక పద్ధతి ఉంది. ఎవరూ మాట్లాడని చోట, ఫ్యాన్ ఒక్కటే వినిపించే ముక్కను ఎంచుకుని ముందు దానికి చూపించాలి, ఇదీ రొద అని. తర్వాత రికార్డింగ్ మొత్తం ఎంచుకుని ఆ రొదను తగ్గించమనాలి. మరీ గట్టిగా తగ్గిస్తే మనిషి గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు అవుతుంది. కొంచెం రొద ఉండనిచ్చాం, వంటింట్లో ఉన్నట్టే ఉంది.

ఫైల్ సైజు ఎందుకంత వస్తుందో కూడా అప్పుడే లెక్క కట్టాం. సెకనుకు 44,100 కొలతలు, ఒక్కో కొలత 2 బైట్లు, నిమిషానికి 60 సెకన్లు. మోనోలోనే నిమిషానికి సుమారు 53 లక్షల బైట్లు. అదే 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్లు) ఎంపీత్రీ చేస్తే పది లక్షల లోపు. పదకొండులో బిట్లు, బైట్లు పాఠం వచ్చినప్పుడు నాకు అది ఉప్మా ఇంటర్వ్యూలాగే అనిపించింది.

నేపథ్యంలో సినిమా పాట పెడదామని అందరం సరదాపడ్డాం. మేడమ్ వద్దన్నారు. పాట వేరేవాళ్లది, వాళ్లు అనుమతి ఇవ్వలేదు, అంతే. మా మ్యూజిక్ సార్ హార్మోనియం మీద వాయించిన ముక్క పెట్టుకున్నాం. కాపీరైట్ గురించి, మన పనిని ఇతరులు వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్, జీపీఎల్ లైసెన్సుల గురించి పదకొండో తరగతి పుస్తకంలో చాప్టర్ ఉంది. చాలామంది దాన్ని ఆఖరి రోజు తిరగేస్తారు. నాకు మాత్రం ఆ హార్మోనియంతోనే అర్థమైపోయింది.

ఇక పది తర్వాత. నవోదయలో ప్రతి ఏటా జరిగేదే మా బ్యాచ్‌లోనూ జరిగింది. టీసీలు తీసుకుని హైదరాబాద్, విజయవాడ కాలేజీలకు వెళ్లేవాళ్లు వెళ్లారు. మా మామయ్య ఇంటికొచ్చి నాన్నతో గట్టిగా మాట్లాడాడు. "బావా, ఎంసెట్‌లో లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. కంప్యూటర్ ఒక్క ప్రశ్న లేదు. ఎంట్రన్స్‌లో రాని సబ్జెక్టుకు రెండేళ్లు ఎందుకు?" మామయ్య చెప్పిన అంకెలు తప్పు కాదు. ఇప్పుడు ఈఏపీసెట్ అని పేరు మారింది గానీ 160 ప్రశ్నలూ ఆ మూడింటి నుంచే. బీటెక్ సీఎస్‌ఈలో చేరడానికి పన్నెండులో కంప్యూటర్ సైన్స్ చదివి ఉండాలన్న నిబంధనా లేదు.

అయితే మామయ్య చూడని సంగతి ఒకటుంది. సీబీఎస్‌ఈ పదకొండులో లెక్కలతో సైన్స్ తీసుకుంటే ఇంగ్లిష్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు ఎలాగూ ఉంటాయి. ఐదోది మనం ఎంచుకునేది. అది కంప్యూటర్ సైన్స్ అయితే లెక్కలు గానీ ఫిజిక్స్ గానీ తగ్గిపోవు. ఇది కాగితం మీద రాసి నాన్నకు చూపించాను. నాన్న అంతా చదివి, "నీకు అందులో ఉండాలని ఉందా బిడ్డా?" అని ఒక్కటే అడిగాడు. ఉందన్నాను. "మరి ఉండు" అన్నాడు. ఎంట్రన్స్ కోచింగ్ విషయంలో కార్పొరేట్ కాలేజీ పిల్లలకు మా కంటే ప్రాక్టీస్ ఎక్కువ ఉంటుందన్నది నిజమే. ర్యాంకు ఒక్కటే లెక్క అనుకునేవాళ్లకు నేను వేరే మాట చెప్పలేను. నాకు మాత్రం కంప్యూటర్ ఎలా ఆలోచిస్తుందో తెలుసుకోవాలనిపించింది, ఆ వయసులో ఆ కోరిక తీరడం చిన్న విషయం కాదని నా గట్టి నమ్మకం.

పదకొండులో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష. అంతకు కొన్నేళ్ల ముందు వరకు సీ ప్లస్ ప్లస్ ఉండేది. మొదటి నెలల్లో అందరికీ టెన్షన్ పెట్టేది ఎర్ర అక్షరాల్లో వచ్చే ఎర్రర్. మా మేడమ్ దగ్గర ఒక నియమం ఉండేది. ఎర్రర్ వస్తే చేయి ఎత్తే ముందు ఆఖరి లైన్ గట్టిగా చదివి, దాన్ని తెలుగులో చెప్పాలి. "నేమ్ ఎర్రర్, టోటల్ అనే పేరు నాకు తెలియదంటోంది మేడమ్." చెప్పేసరికి సగం మందికి కారణం దొరికిపోయేది. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు మా క్లాసులో ఉన్నారు. ఇంగ్లిష్ రాకపోవడం వల్ల కోడ్ రాదన్న భయం వాళ్లకు ఈ ఒక్క అలవాటుతో పోయింది.

ల్యాబ్ పీరియడ్లు తక్కువ కాబట్టి సాయంత్రం స్టడీ అవర్లో నోట్‌బుక్‌లోనే ప్రోగ్రాములు రాసుకునేదాన్ని. పక్కన గడులు గీసి ఒక్కో లైన్‌కి ఏ వేరియబుల్ విలువ ఎంతవుతుందో నింపుకుంటూ పోవడం, మర్నాడు ల్యాబ్‌లో నడిపి సరిచూసుకోవడం. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంటే ఇలా చేసి ఉండేదాన్ని కాదు. తీరా చూస్తే బోర్డు పరీక్ష అచ్చం ఇదే. మూడు గంటలు, 70 మార్కులు, పెన్నూ పేపరూ. కోడ్ ఇచ్చి అవుట్‌పుట్ రాయమంటారు, తప్పులున్న కోడ్ ఇచ్చి దిద్దమంటారు, ఫంక్షన్ రాయమంటారు. నడిపి చూసుకునే వీలుండదు. పైథాన్‌లో లైన్ ఎంత లోపలికి జరిగిందన్నది కూడా అర్థాన్ని మారుస్తుంది కాబట్టి, మేం ఆన్సర్ షీట్ మీద పెన్సిల్‌తో నిలువు గీతలు సన్నగా గీసుకుని రాసేవాళ్లం. కంప్యూటర్ సైన్స్‌ని పేపర్ మీద పరీక్షించడమేంటని చాలామంది తప్పుపడతారు. నేను తప్పుపట్టను. బుర్రలో నడిపించుకోవడం వచ్చాక యంత్రం మీద నడిపించడం చాలా తేలిక.

ఇప్పుడు ఆ ఆరు కీల సంగతి. స్ట్రింగ్స్, అంటే అక్షరాల వరసల పాఠంలో పాలిండ్రోమ్ (ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే మాట) ప్రోగ్రామ్ అందరూ చేసేదే. మాటను తిరగేసి, రెండూ ఒకటేనా అని చూడాలి. పుస్తకంలో ఇంగ్లిష్ ఉదాహరణలు ఉంటాయి. మనకు పాలిండ్రోమ్ అంటే తెనాలి రామకృష్ణుడి 'వికటకవి' కదా. ఇన్‌స్క్రిప్ట్‌లో అదే కొట్టి ఇచ్చాను. పైథాన్ కాదంది. ఎటు నుంచి చదివినా వికటకవే, పైథాన్ మాత్రం ఒప్పుకోదు. పొడవు అడిగితే 7 అంది. మనకు కనిపించేవి ఐదు అక్షరాలు.

మేడమ్ వెంటనే చెప్పలేదు. "నువ్వు ఏ కీలు నొక్కావో వరసగా రాయి" అన్నారు. రాశాను: వ, గుడి, క, ట, క, వ, గుడి. ఏడు. కంప్యూటర్ దాచుకున్నదీ అదే వరస. దాన్ని తిరగేస్తే గుడి, వ, క, ట, క, గుడి, వ. మొదట్లో గుడి వచ్చి కూర్చుంది, దాని ముందు హల్లే లేదు. చివర వ ఒంటరిగా మిగిలింది. స్క్రీన్ మీద అవుట్‌పుట్ చూస్తే మొదటి గుడి చుక్కల సున్నా మీద వేలాడుతూ, మధ్యలో రెండో క మీదికి ఇంకో గుడి ఎక్కి 'వకటకివ' అని కనిపించింది. ఒక్కో గుర్తూ ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో వేలితో చూపించగలిగినంత స్పష్టంగా ఉంది.

అంటే పైథాన్‌కి అక్షరం అంటే యూనికోడ్ నంబర్. మనకు అక్షరం అంటే హల్లు, దాని గుణింతం, దాని ఒత్తు అన్నీ కలిసినది. కాబట్టి తిరగేసే ముందు మనమే అక్షరాలు కట్టాలి. ఒక ఖాళీ లిస్టు పెట్టుకుని ఒక్కో గుర్తును చూస్తూ పోవాలి. అది గుణింతపు గుర్తో, పొల్లో, సున్నానో అయితే ముందున్న ముక్కకు అతికించాలి. ముందున్న ముక్క పొల్లుతో ఆగి ఉంటే ఇప్పుడొచ్చిన హల్లు ఒత్తు అన్నమాట, దాన్నీ అతికించాలి. లేకపోతే కొత్త ముక్క మొదలుపెట్టాలి. చివరికి వచ్చిన లిస్టును తిరగేస్తే వికటకవి వికటకవే. పది పన్నెండు లైన్ల ఫంక్షన్. ఆ సాయంత్రం క్లాసంతా తెలుగు మాటలు ఇచ్చి దాన్ని పరీక్షించింది. ఎవరో 'లక్ష్మి' ఇచ్చారు. క కింద ష, దాని కింద మ, పైన గుడి, అన్నీ కలిసి ఒకే ముక్కగా రావాలి, వచ్చింది.

నా నాలుగేళ్ల చదువులో నాకు అన్నిటికంటే ఇష్టమైన పీరియడ్ అది. తెలుగు కంప్యూటర్‌కి పరాయి భాష అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. ఆ అక్షరాలకు నంబర్లు ఉన్నాయి, వాటి అమరికకు తర్కం ఉంది, ఆ తర్కం పదహారేళ్ల పిల్లలు కోడ్‌లో రాయగలిగినంత సూటిగా ఉంది.

పన్నెండులో ఫంక్షన్లు, ఫైళ్లు, స్టాక్ కలిసి 40 మార్కులు, నెట్‌వర్క్స్ 10, డేటాబేస్ 20. నెట్‌వర్క్స్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, చదివితే వచ్చేస్తుంది. డేటాబేస్ దగ్గర మాత్రం ఆగాలి, ఎందుకంటే నా ప్రాజెక్ట్ అక్కడే ఉంది.

ప్రాజెక్ట్ అంటే లైబ్రరీ మేనేజ్‌మెంట్, హాస్పిటల్ మేనేజ్‌మెంట్ అని సీనియర్ల ఫైళ్లు చేతులు మారుతూ ఉంటాయి. నేను మిర్చి లెక్కలు తీసుకున్నాను. ఖమ్మం మార్కెట్‌కి కాయ తీసుకెళ్తే అమ్మాక తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్కల చీటీ ఇస్తారు. రకం, టిక్కీలు (బస్తాలు) ఎన్ని, తూకం ఎంత, క్వింటాకు రేటు, కమీషన్, హమాలీ, తూకం వేసే దడవాయి కూలీ, అన్నీ పోగా చేతికొచ్చింది. నాన్న వాటిని ఇనుప చువ్వకు గుచ్చి దూలానికి వేలాడదీసేవాడు. సెలవుల్లో ఆ చువ్వ దింపి, మావీ, బాబాయి వాళ్లవీ, పక్కింటి పెద్దనాన్నవీ తక్‌పట్టీలన్నీ నోట్‌బుక్‌లోకి ఎక్కించుకున్నాను. రైతుల టేబుల్ ఒకటి, అమ్మకాల టేబుల్ ఒకటి. పైథాన్ నుంచి మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌కి కలిపాను. డబ్బు, తూకం ఉన్న గడులకు దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే ఫ్లోట్ కాకుండా, ఉన్నదున్నట్టు దాచే డెసిమల్ పెట్టాను. పైథాన్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుందని పదకొండులోనే చూశాం, రైతు లెక్కలో అలాంటి తోక ఉండకూడదు.

ఇక సగటు రేటు. డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో సగటుకు ఒక రెడీమేడ్ ఫంక్షన్ ఉంది, ఏవీజీ. రేటు గడికి అది పెడితే రేట్లన్నీ కూడి సంఖ్యతో భాగిస్తుంది. ఒక రైతు 20,000 రేటుకు 2 క్వింటాళ్లు, 15,000 రేటుకు 18 క్వింటాళ్లు అమ్మాడనుకోండి. ఏవీజీ 17,500 అంటుంది. నిజానికి 20 క్వింటాళ్లకు వచ్చింది 3,10,000, అంటే క్వింటాకు 15,500. నాన్నకు రెండు అంకెలూ చెప్పి ఏది సరైందని అడిగాను. "మంచి రేటు రెండు క్వింటాళ్లకే పడింది కదా, మొదటిదెట్లా అయితది?" అన్నాడు క్షణం ఆలోచించకుండా. రేటును తూకంతో గుణించి, కూడి, మొత్తం తూకంతో భాగించే క్వెరీ (ఎస్‌క్యూఎల్ ప్రశ్న) రాశాను. తాలు (నాసిరకం) కాయకు, మంచి కాయకు విడివిడిగా చూపించేలా గ్రూప్ చేశాను. తోటి పిల్లల్లో వ్యవసాయ ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు వాళ్ల ఇంటి తక్‌పట్టీలు కూడా తెచ్చిచ్చారు.

ప్రాక్టికల్ 30 మార్కులకు. ల్యాబ్ టెస్ట్ 12, రికార్డు 7, ప్రాజెక్ట్ 8, వైవా 3. బయటి స్కూల్ నుంచి ఎగ్జామినర్ వచ్చారు, పెద్దాయన. ప్రాజెక్ట్ నడిపించి చూసి అడిగిన మొదటి ప్రశ్న: "తక్‌పట్టీ మీద నంబర్ ఉంటుంది కదమ్మా, దాన్నే ప్రైమరీ కీ ఎందుకు చేయలేదు?" ప్రైమరీ కీ అంటే టేబుల్‌లో ఒక్కో వరసను గుర్తుపట్టే, రెండోసారి రాకూడని విలువ. రెండు కమీషన్ షాపుల పుస్తకాల్లో ఒకే నంబర్ పడొచ్చు, అందుకే నా సొంత వరస సంఖ్య పెట్టానని చెప్పాను. మా చువ్వకే అలాంటి రెండు చీటీలు ఉన్నాయి, అవి కూడా చూపించాను. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని ఇంకా చాలా అడిగారు. ఒక రోజు ఒకే రైతు రెండు షాపుల్లో అమ్మితే? ఒక చీటీలో రెండు రకాలుంటే? రెండోదానికి టేబుల్‌ను విడగొట్టాలని నేను చెబుతుంటే ఆయన కాగితం మీద గీసి చూపించారు. మార్కులు మూడే, మాట్లాడింది మాత్రం నా వంతు సమయం దాటిపోయేదాకా.

ఇప్పుడు నేను బీటెక్ చదువుతున్నాను. మొదటి సంవత్సరం సీ లాంగ్వేజ్‌లో లూపులు, ఫంక్షన్లు కొత్తగా అనిపించలేదు, పాయింటర్లు మాత్రం అందరితో పాటే కష్టపడి నేర్చుకున్నాను. డీబీఎంఎస్ (డేటాబేస్) పేపర్‌లో నార్మలైజేషన్, అంటే టేబుళ్లను సరిగ్గా విడగొట్టే పద్ధతి చెబుతున్నప్పుడు ఆ ఎగ్జామినర్ గీసిన కాగితమే అని గుర్తుపట్టాను.

పదకొండులో ఈ సబ్జెక్టు తీసుకోవాలనుకునేవాళ్లు ముందే కనుక్కోవాల్సినవి కొన్ని ఉన్నాయి. సీబీఎస్‌ఈలో కంప్యూటర్ సైన్స్ 083 వేరు, ఇన్ఫర్మాటిక్స్ ప్రాక్టీసెస్ 065 వేరు, రెండూ కలిపి తీసుకోనివ్వరు. రెండోదాంట్లో పాండాస్ (పైథాన్‌లో డేటా పట్టికలతో పనిచేసే లైబ్రరీ), గ్రాఫులు, ఎస్‌క్యూఎల్ ఎక్కువ, కామర్స్ పిల్లలు కూడా తీసుకుంటారు. మీ స్కూల్లో ఏది ఉందో అడగండి. ల్యాబ్‌లో మైఎస్‌క్యూఎల్ వేసి ఉందా, వారానికి ఎన్ని పీరియడ్లు నిజంగా ల్యాబ్‌లో జరుగుతాయి అని పై క్లాసు పిల్లల్నే అడగండి. రెండు సబ్జెక్టుల ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలూ వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. ఎంపీసీకి వెళ్లిపోయినవాళ్లు కూడా పదకొండో తరగతి పుస్తకం దించుకుని, ఫోన్‌లోనైనా పైథాన్ పెట్టుకుని మొదలుపెట్టొచ్చు. స్ట్రింగ్స్ చాప్టర్ దాకా వచ్చాక వికటకవి మీ చేత్తో మీరే తిప్పి చూడండి.